ఎలుకల బోన్ల లెక్క: ఆరో వారం

గుత్తి దగ్గర మా పల్లెలో ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో వచ్చే ఏరువాకకు దాచిన విత్తనం బుడ్డల (వేరుశెనగ) మూటలు పన్నెండు. సంక్రాంతి దాటినాక ఒక మూట అడుగున చెయ్యి పెడితే అంతా పొట్టే. ఆ రోజు పట్టుకుంది ఈ బోన్ల పిచ్చి. మందు పెడదామంటే షెడ్డంతా కోళ్లు తిరుగుతాయి, మందు తిన్న ఎలుకను పిల్లి తింటే దానికీ ముప్పే.

బోను కొనే ముందు తిరిగేదేదో తెలియాల. పెంటికలు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. బియ్యపు గింజంత ఉంటే చిట్టెలుక. అర అంగుళం, ఆపైన ఉంటే పెద్ద ఎలుక. పునాది పక్కన మట్టి కుప్పగా ఎగదోసి పెద్ద బొక్క కనిపిస్తే పందికొక్కు. మా షెడ్డులో మూడూ ఉన్నాయి, అన్నదమ్ములు భాగాలు పంచుకున్నట్టు తలా ఒక మూల.

మొదట తెచ్చింది కొక్కేనికి ఎర గుచ్చి తలుపు పైకెత్తి పెట్టే ఇనుప కమ్మీల బోను. సంతలో 250 రూపాయలు. మొదటి నాలుగు రాత్రులు ఒక్కటీ పడలేదు. తప్పు నాదే. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం, అందులో పెద్ద ఎలుకకు మరీ ఎక్కువ. అదీగాక బోనును షెడ్డు నడిమధ్యలో పెట్టినా. అది గోడకు మీసాలు తగిలించుకుంటూ నడిచే జీవి, రోజూ పోయే దారిలో గోడ మీద నల్లటి జిడ్డు చార కూడా ఉంటుంది. ఆ చార పక్కకు జరిపి, తలుపు పడకుండా కట్టేసి, మూడు రాత్రులు ఊరికే మేపినా. నాలుగో రాత్రి కట్టు విప్పితే తెల్లారేసరికి ఒకటి పడింది, ఆ వారంలో ఇంకో నాలుగు.

ఎర సంగతి. బుడ్డల మూటల మధ్య బతికే ఎలుకకు బుడ్డలే పెడితే ఎందుకొస్తుంది? కాల్చిన ఎండు చేప బాగా పనిచేసింది. అంతకన్నా బాగా పనిచేసింది పొద్దున ఉగ్గానిలోకి చేసి మిగిలిన మిరపకాయ బజ్జీ. ఇంట్లో దీని మీద నాకు అక్షింతలు పడినాయి, అది వేరే కథ.

కమ్మీల బోనుతో చిక్కు ఒకటే, ప్రాణంతో దొరికినదాన్ని ఏం చేయాల? వంక దాటించి వదిలొచ్చినా. తోక సగం తెగిన ఎలుక ఒకటుంది, మూడో రోజు మళ్లీ అదే బోనులో కూర్చోనుంది.

అందుకే చెక్క మీద స్ప్రింగు తీగ ఉండేది తెచ్చినా. సరిగ్గా మెడ మీద పడితే క్షణంలో పని అయిపోతుంది. ఎర ఉండే కొస గోడకు ఆనేట్టు, చెక్క గోడకు అడ్డంగా ఉండేట్టు పెట్టాల. గోడ వెంబడి పొడుగ్గా పెడితే వెనక నుంచి వచ్చి తొక్కి తప్పించుకుంటుంది. చిట్టెలుకకూ పెద్ద ఎలుకకూ ఒకే సైజు పనికిరాదు. కోళ్ల కాళ్లు పడకుండా పైన గంప బోర్లించి, పక్కన చిన్న సందు వదులుతున్నా.

జిగురు అట్ట గురించి ఎక్కువ చెప్పను. ఒక్క రాత్రి పెట్టినా, తెల్లారి చూస్తే తొండ అతుక్కొని గింజుకుంటాంది. బుడ్డల నూనె కొద్దికొద్దిగా పోసి విడిపించేసరికి అరగంట పట్టింది. మిగిలిన అట్టలు పొయ్యిలోకి పోయినాయి.

బకెట్ బోను సొంత తయారీ. రంగు డబ్బా బకెట్, పైన అడ్డంగా తీగ, తీగకు ఖాళీ టిన్ను దొర్లేట్టు గుచ్చి దాని మీద ఎర పూసి, ఎక్కిరావడానికి ఒక పలక. చాలామంది అడుగున నీళ్లు పోస్తారు, నాకు మనసొప్పక పొట్టు పోసినా. ఒకే రాత్రి మూడు చిట్టెలుకలు. పెద్ద ఎలుక మాత్రం లోపల పడి, ఎగిరి దర్జాగా పోయింది. ఒకసారి చుంచు పడింది. అది పురుగులు తినేది, వాసన భరించుకుంటే చాలు, వదిలేసినా.

ఇదంతా చూసి మా చిన్నాయన, “రేయ్, అడివిపందికి కూడా ఒకటి చేసియ్యి, చేను దున్ని పోతాంది” అన్నాడు. “అది మాత్రం వద్దు చిన్నాయనా” అన్నా. వైర్లతో ఉచ్చు పన్నితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది, పైగా ఉచ్చుకు పందో, ఎలుగుబంటో, మన కుక్కో తెలీదు. ఆదివారం పోయి ఆయన చేని చుట్టూ పాత చీరలు కట్టొచ్చినాం.

ఇంక మిగిలింది పందికొక్కు. కమ్మీల బోను తలుపును వంచేసి పోయింది ఒకటి. ఇప్పుడు తంజావూరు వైపు పొలాల్లో పెట్టే విల్లు బోను చేస్తున్నా. వెదురు బద్దను వంచి తాడు బిగిస్తారు, ఎర లాగితే విల్లు సడలి తాడు బిగుస్తుంది. మొదటి బద్ద ఎండిపోయి విరిగింది. రెండోది పచ్చి వెదురు, తొట్టిలో నానుతోంది. చచ్చినవాటిని ఎత్తేటప్పుడు ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కోండి, ఎలుక ఉచ్చతో జ్వరం అంటుకుంటుంది. ఇప్పటికి మూటలు పదకొండున్నర.