సాయంత్రం పూట టర్కీ కోడి వేట: యూవారీ అడవిలో నా అనుభవం

టర్కీ వేటంటే తెల్లవారకముందే అడవిలో ఉండాలని ఇక్కడ అమెరికాలో అందరూ చెబుతారు. నాకు కుదిరింది మాత్రం శనివారం మధ్యాహ్నం తర్వాతే, పొద్దున పిల్లల తెలుగు క్లాసు మరి. నార్త్ కరొలైనాలో వసంతకాలం సీజన్‌లో సూర్యాస్తమయం దాకా వేటాడొచ్చు కాబట్టి ఇబ్బంది లేదు.

మనవాళ్లు మొదట అడిగేది కాగితాల గురించే. హెచ్‌1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, కానీ చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. ఆ లైసెన్స్ కావాలంటే మామూలుగా ముందు హంటర్ సేఫ్టీ కోర్సు పాసవ్వాలి. మా నాన్నకి ఫోన్‌లో చెబితే "కేసు పెట్టరా?" అని కంగారుపడ్డారు. నిజమే, మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరమే కదా.

యూవారీ నేషనల్ ఫారెస్ట్ ప్రభుత్వ భూమి, ఎవరైనా రావచ్చు, అసలు టెన్షన్ అదే. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం కలిసి ఉంటుంది, అందుకే ఆ మూడు రంగులు ఒంటి మీద ఎక్కడా, సాక్సులతో సహా, కనిపించకూడదు. కూర్చునేటప్పుడు భుజాల కన్నా వెడల్పైన చెట్టుకి వీపు ఆనించాలి, వెనక నుంచి వచ్చే ఇంకో వేటగాడు పొరపాటున కాల్చినా అడ్డం ఉంటుంది.

పొద్దెక్కేకొద్దీ పెట్టలు గుడ్ల దగ్గరికి వెళ్లిపోతాయి, పుంజు ఒంటరిగా తిరుగుతుంటుంది. సాయంత్రమయ్యేసరికి పడుకునే చెట్ల వైపు మళ్లుతాయి. నేను ఆ దారిలో, పైన్ చెట్లు ఓక్ చెట్లు కలిసే చోట కూర్చున్నాను. పలక మీద పుల్లతో గీకితే పెట్ట కూత వస్తుంది, దాన్ని ఎప్పుడో ఒకసారి మెల్లగా గీకి ఊరుకున్నాను. పొద్దుటిలా పుంజు బదులు పలకదు, చప్పుడు లేకుండా వచ్చేస్తుంది. అందుకే సాయంత్రం పూట కూతలో నేర్పు కన్నా కదలకుండా కూర్చునే ఓపికే ముఖ్యమని నా అభిప్రాయం, దోమ ముక్కు మీద వాలినా సరే.

ఏడు దాటాక రెండు పెట్టలు ఆకులు గీరుకుంటూ వచ్చాయి, వాటి వెనకే పుంజు, రొమ్ము మీద గడ్డం (వెంట్రుకల్లాంటి ఈకల గుత్తి) వేలాడుతూ, నెమలిలా పురి విప్పి. ఇక్కడ పుంజుని గానీ గడ్డం ఉన్న పక్షిని గానీ మాత్రమే కొట్టాలి, ఆ లెక్క సరిపోయింది. దూరమే సరిపోలేదు, అరవై గజాలుంటుంది, నా తుపాకీకి నలభై దాటితే నమ్మకం లేదు. గాయపడి పారిపోయే పక్షి నాకొద్దు. మూడూ అలాగే నడిచి వెళ్లి, రెక్కలు టపటపలాడిస్తూ పైన్ కొమ్మలెక్కాయి. చెట్టెక్కిన పక్షిని కొట్టే అలవాటు నాకు లేదు.

ఆరెంజ్ జాకెట్ వేసుకుని కారు దాకా నడిచి, లైటు వేసి ముందు పిడుదుల కోసం వెతుక్కున్నాను. ఇక్కడి లోన్ స్టార్ పిడుదు కుడితే కొందరికి మటన్, బీఫ్ తింటే పడని ఎలర్జీ వస్తుంది, మటన్ మానుకోవడం నా వల్ల కాదు. వెళ్లేవాళ్లు పెర్మెత్రిన్ అనే పురుగుల మందుని ముందురోజే బట్టలకి కొట్టి ఆరబెట్టుకోండి, ఒంటికి మాత్రం రాయకండి.