బేరం లేని కొట్టు

టోక్యో ప్రయాణం ఖాయమయ్యాక అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ బేరమాడనిస్తారా?" అని. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఆరొందలు చెప్పిన చీరను మూడొందలకి దింపి కూడా, ఇంకో పాతిక తగ్గించి అడగాల్సిందని ఇల్లు చేరేదాకా నసిగే మనిషి. అలాంటి మనిషిని తీసుకెళ్ళి నిహోంబాషి అనే పేటలో ఉన్న మిత్సుకోషి డిపార్ట్‌మెంట్ స్టోర్ ముందు నిలబెట్టాను.

మెట్రో స్టేషన్ పేరే మిత్సుకోషిమాయె, అంటే మిత్సుకోషి ఎదుట అని. 1932లో ఆ స్టేషన్ కట్టడానికి డబ్బు పెట్టింది ఈ దుకాణమే. గుమ్మం దగ్గర 1914 నాటి రెండు కంచు సింహాలున్నాయి. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ సింహాలను చూసి చేయించారట. ఎవరి కంటా పడకుండా వాటి వీపెక్కితే కోరిక నెరవేరుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. నడిరోడ్డు పక్కన ఎవరి కంటా పడకుండా ఎలా ఎక్కుతారో మరి.

సరిగ్గా పదింటికి తలుపులు తెరిచారు. లోపల సిబ్బంది వరసగా నిలబడి నడుం వంచి నమస్కరిస్తుంటే, అమ్మ ఒక్కొక్కరికీ చేతులు జోడించుకుంటూ నడిచింది. నేను లాక్కెళ్ళకపోతే సెంట్ల కౌంటర్ దాకా అదే పని.

నడిమి హాల్లో నాలుగంతస్తుల ఎత్తున ఒక దేవకన్య ఉంది. పేరు మాగోకోరో, అంటే నిండు మనసు. సుమారు 11 మీటర్ల చెక్క శిల్పం, 1960లో పూర్తయింది. నాకైతే రంగులూ నగిషీలూ మరీ ఎక్కువనిపించింది. అమ్మకి మాత్రం గాలిగోపురం చూసినంత తృప్తి. శనివారం కాబట్టి మధ్యాహ్నం 12 గంటలకి పైనున్న 1930 నాటి పైప్ ఆర్గన్ కూడా వాయించారు.

ఆవిడని అసలు ఆపేసింది ఆ శిల్పం కాదు, గోడ. పాలరాతి పలకల్లో అక్కడక్కడా చుట్టలు చుట్టుకున్న మచ్చలు, అరచేయంత. అమ్మోనైట్లు అనే, నత్తల్లాంటి పూర్వకాలపు సముద్ర జీవుల శిలాజాలు. "ఏమేవ్, సాలగ్రామమే ఇది!" అని వేళ్ళతో తడిమి కళ్ళకద్దుకుంది. నవ్వబోయి ఆగాను. గండకీ నదిలో దొరికే సాలగ్రామాలు కూడా ఈ జీవుల శిలాజాలే కదా.

చేతిరుమాళ్ళ కౌంటర్ దగ్గర మొదలైంది. "రెండు తీసుకుంటే తగ్గిస్తారేమో అడగవే."

అప్పుడు చెప్పాల్సొచ్చింది. 1673లో మిత్సుయి తకతోషి అనే ఆయన ఈ ఊళ్ళో ఎచిగోయా పేరుతో బట్టల కొట్టు పెట్టాడు. అప్పటి బట్టల వర్తకులు సరుకు మోసుకుని గొప్పోళ్ళ ఇళ్ళకే వెళ్ళేవాళ్ళు. డబ్బు చేతికొచ్చేది ఏడాదికి ఒకటి రెండు సార్లు. ఆ ఆలస్యానికి వడ్డీ కలిపి ధర ఎక్కువ చెప్పేవాళ్ళు, మిగతాది బేరం. ఈయన ఆ పద్ధతి తిరగేశాడు: కొట్టుకే రండి, రొక్కమివ్వండి, ఎవరికైనా ఒకటే ధర. తానంతా కొనక్కర్లేదు, కావాల్సినంతే కోసిస్తాం. ఆ కొట్టే పెరిగి పెరిగి ఈ మిత్సుకోషి అయింది.

అమ్మ అంతా విని, "మూడొందల యాభై ఏళ్ళుగా ఎవరూ గట్టిగా అడిగుండరు" అంది.

ఒక్క రుమాలే కొన్నాం. ఆ అమ్మాయి దాన్ని పల్చటి పెట్టెలో పెట్టి, తెల్ల కాగితం మీద ఐమూలగా ఉంచి, పెట్టెను దొర్లిస్తూ మడతలు వేసింది. పది క్షణాలు పట్టిందేమో. కాగితం మీద ఎర్రటి గులకరాళ్ళ లాంటి ఆకారాలు. 1950లో ఇనోకుమా గెనిచిరో అనే చిత్రకారుడు, సముద్రపు అలలకి అరిగిన రాళ్ళను చూసి గీశాడు. దాని మీద దుకాణం పేరు రాసింది అప్పట్లో అక్కడే ఉద్యోగం చేస్తున్న యనాసే తకాషి. జపాన్ పిల్లలందరికీ తెలిసిన అన్‌పన్‌మన్ కార్టూన్ బొమ్మను తర్వాత సృష్టించింది ఆయనే.

హోటల్ గదిలో అమ్మ ఆ కాగితాన్ని చిరగకుండా విప్పింది. మళ్ళీ అలాగే చుడతానని కూర్చుంది. నాలుగుసార్లు ప్రయత్నించింది. ఎటు తిప్పినా పెట్టె ఒక మూల బయటికే కనిపిస్తోంది.