పది రూపాయల స్టాంపుకి పదిహేడు వేలు

మా తాత తాడిపత్రిలో పోస్టాఫీసు గుమాస్తా. 1948 ఆగస్టు 15న గాంధీ స్టాంపులు నాలుగు విడుదలయ్యాయి: అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండణాలు, పది రూపాయలు. తాత మొదటి మూడూ కొన్నాడు. పది రూపాయలది కొనే స్తోమత లేదు. ఆల్బమ్‌లో దానికోసం వదిలిన ఖాళీ గడి ఆస్తిలాగా నాదాకా వచ్చింది.

పోయినేడాది ఒక ఆన్‌లైన్ వేలంలో ఆ స్టాంపు కనబడింది. పాన్, ఆధార్, డిపాజిట్ అన్నీ రెండు రోజుల్లో అయిపోయాయి. తొమ్మిది వేలు దాటి పాడేది లేదని క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసుకున్నా.

అనంతపురంలో మా ఇంటి వరండాలో కూర్చుని ఫోన్లో పాట మొదలుపెట్టా. 9,500 దగ్గర ఇద్దరమే మిగిలాం. అవతలాయన వదలట్లేదంటే ఆయనకేదో తెలిసే ఉంటుందనుకున్నా. ఆయనా నా గురించి అదే అనుకున్నాడేమో! 'ఇంకో ఐదొందలే కదా' అంటూ పోతుంటే, స్టాంపు అప్పటికే నాదైనట్టు, ఎవరో ఆల్బమ్‌లోంచి పీక్కుపోతున్నట్టు టెన్షన్. 14,500కి నాకు ఖాయమైంది.

బిల్లులో 15 శాతం కమిషన్, ఆ కమిషన్ మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 17,066. నిబంధనల్లో ఉన్నదే, నేనే లెక్కేసుకోలేదు.

స్టాంపు వచ్చాక పట్టకారుతో తిప్పి చూశా. వెనక జిగురు మీద చిటికెన వేలి గోరంత మచ్చ. ఎవరో ఎప్పుడో హింజ్ (స్టాంపుని ఆల్బమ్‌లో నిలబెట్టే చిన్న జిగురు కాగితం) అంటించి పీకిన గుర్తు. జిగురు చెక్కుచెదరని స్టాంపుకి పలికే ధర దీనికి పలకదు. ఇదీ కేటలాగ్‌లో రాసే ఉంది.

1971లో ఒక అమెరికా చమురు కంపెనీ ఇంజనీర్లు ముగ్గురు ఇలాంటి సంగతే రాశారు. సముద్రంలో చమురు ఎంతుందో తలా ఒక అంచనా వేసి వేలం పాడతారు. అందరికన్నా ఎక్కువ అంచనా వేసినవాడికే దక్కుతుంది, అంటే ఎక్కువ పొరబడినవాడికే దక్కే ప్రమాదం. నా విషయంలో తాత ఖాళీ గడి ఖరీదు కూడా కలిసింది. రేపు నేను అమ్మితే దానికెవరూ పైసా ఇవ్వరు.

మొన్న ఇంకో స్టాంపుకి కమిషన్‌తో సహా లెక్కేసి, గరిష్ఠ ధర ముందే పెట్టేసి, ఫోన్ మా ఆవిడకిచ్చి పడుకున్నా. పొద్దున చూస్తే నాకన్నా రెండొందలు ఎక్కువ పాడినవాళ్లకి పోయింది.

"రెండొందలేనే!" అన్నా. ఫోన్ మళ్లీ లాక్కుంది.