మందస పెరట్లో చలికాలపు పిట్టల లెక్క

పిట్టలకి గింజలు వేసి లెక్కపెట్టాలన్న ఆలోచన నాది కాదు. కొలరాడోలో ఓ కొండ ఊళ్లో ఉండే మా అక్క కొడుకుది. వీడియో కాల్‌లో వాళ్ల పెరడు చూపించాడు. నేలంతా మంచు, వేలాడే డబ్బాలో పొద్దుతిరుగుడు గింజలు, పక్కన చిన్న జాలీలో కొవ్వు ముద్ద, దాన్ని పొడుచుకు తింటున్న చికడీలనే చిన్న పిట్టలు. "పిన్నీ, ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పిట్టల్ని లెక్కపెడతారు, నువ్వూ చెయ్యి" అన్నాడు. గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అంటారు దాన్ని. 1998లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి అన్ని దేశాలవాళ్లూ చేస్తున్నారు. కనీసం పదిహేను నిమిషాలు కూర్చుని, చూసినవన్నీ ఇబర్డ్ అనే పిట్టల లెక్కల వెబ్‌సైట్‌లో ఎక్కించాలి.

మాది మందస దగ్గర. గోడ దాటితే జీడి తోటలు, వాటి వెనక మహేంద్రగిరి. డబ్బా ఏదీ కొనలేదు. కోతలయ్యాక వరి కుచ్చు కట్టి చూరుకి వేలాడదీశాను. కింద పళ్లెంలో గంట్లు (సజ్జలు), నూకలు పోశాను. పిచ్చుకలు, గువ్వలు, చిలకలు దిగాయి. ఉడుతల సంగతి చెప్పక్కర్లేదు. కానీ ఇవన్నీ ఏడాది పొడుగునా మా ఇంటి చుట్టూ తిరిగేవే. చలికాలానికని వచ్చే పిట్టలు మాత్రం గింజ వైపే చూడలేదు.

ఎందుకో తర్వాత అర్థమైంది. వాడుండే చోట మంచు పడితే పురుగూ పుట్రా అంతగా దొరకవు, గింజా కొవ్వూ పెద్ద ఆసరా. మనకి సంక్రాంతి రోజుల్లో కళ్లాల నిండా గింజే, పురుగుకీ కొదవ లేదు. ఉత్తరాది నుంచి ఇంత దూరం దిగే ఫ్లైక్యాచర్ల లాంటివి పురుగులే తింటాయి. అందుకని మట్టి మూకుడులో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి, మధ్యలో ఓ రాయి పెట్టాను. దోమలు పెరుగుతాయని రోజూ పారబోసి, కడిగి మళ్లీ పోసేదాన్ని. పనస చెట్టు కింద ఎండుటాకులు ఊడ్వడం మానేశాను. దీనికి మా అత్తగారు అస్సలు ఒప్పుకోలేదు. "పండగ ముంగిట పెరడు తుడవకపోతే నలుగురూ ఏటనుకుంటారు?" అని రోజూ ఒకటే గోల. పండగకి వాకిలి నేను రెండుసార్లు ఊడ్చేలా, పనస చెట్టు జోలికి ఆవిడ రాకుండా ఉండేలా రాజీ కుదిరింది.

ఆ ఆకుల్లోకే ఆరెంజ్ హెడెడ్ థ్రష్ వచ్చింది. తలా పొట్టా నారింజ రంగు, వీపు బూడిద నీలం. సందె వేళ ముక్కుతో ఒక్కో ఆకూ తిరగేసి కింద పురుగుల్ని ఏరుకుంటుంది. మూకుడు దగ్గర పిగిలిపిట్టలు, గోరింకలు స్నానానికి కొట్టుకునేవి.

అరటిపళ్లు కూడా పెడదామనుకుంటే, పక్క జీడి తోట రైతు అడ్డం పడ్డాడు. "రాత్రేల పళ్లు బైట ఒగ్గీకమ్మా, ఎలుగుకి వాసన తగిల్తే ఏటి సేస్తావు?" అన్నాడు. కొలరాడోలోనూ ఎలుగుబంట్ల భయం ఉంది. కాకపోతే అక్కడివి చలికాలమంతా పడుకుంటాయి కాబట్టి, గింజల డబ్బాలు అప్పుడే పెట్టుకోమంటారు. మన ఉద్దానం ఎలుగుకి ఆ నిద్ర లేదు, ఏడాదంతా తిరుగుతుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు మనుషుల మీద పడిన సంగతి ఇక్కడెవరూ మర్చిపోలేదు. పళ్ల మాట మానేశాను. చీకటి పడకముందే గింజల పళ్లెం కూడా లోపల పెట్టేదాన్ని.

లెక్కలో నాకు టెన్షన్ పెట్టింది అంకెలు కాదు. వచ్చిన పిట్టే మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి, ఒకేసారి ఎక్కువలో ఎక్కువ ఎన్ని కనిపిస్తే అదే రాయాలి. అది తేలికే. చిక్కంతా ఒక చిన్న ఫ్లైక్యాచర్‌తో వచ్చింది. గోధుమ రంగు వీపు, పదేపదే తోక ఎగరేయడం. టైగా ఫ్లైక్యాచరా, రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచరా? రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. తేల్చలేనప్పుడు రెండు పేర్లూ కలిపి రాయడానికి ఇబర్డ్‌లో వీలుంది. మొదట అలాగే రాశాను. తర్వాత తెలిసినవాళ్ల బైనాక్యులర్స్ అడిగి తెచ్చుకుని, తోక మొదలు చూస్తూ కూర్చున్నాను. తోక పైన కప్పినట్టుండే ఈకలు కారునలుపు, ముక్కు కూడా మొత్తం నలుపు. రెడ్ బ్రెస్టెడ్‌కైతే కింది ముక్కు మొదట్లో రంగు లేతగా ఉంటుంది. నాది టైగా. సైబీరియా అడవుల్లో గుడ్లు పెట్టే పిట్ట మా జామ కొమ్మ మీద ఉంది!

పేరు మార్చాక, ఎలా గుర్తుపట్టారో చెప్పమని ఇబర్డ్ సమీక్షకుల నుంచి మెయిల్ వచ్చింది. మొదట కాస్త చిన్నబుచ్చుకున్నాను. వాళ్లు జీతం లేకుండా ఈ పని చేసే వలంటీర్లని తెలిశాక కోపం పోయింది. ఫోన్‌లో తీసిన ఫొటోలో పిట్ట చుక్కలా ఉంది. అందుకే ముక్కు, తోక, ఎక్కడ వాలింది, ఎలా ఎగిరి పురుగు పట్టింది, అంతా వివరంగా రాసి పంపాను. ఒప్పుకున్నారు.

ఫిబ్రవరికి జీడి పూత మీద ఉంటుంది. పూతకి పురుగులు, పురుగులకి పిట్టలు. సరిగ్గా ఆ రోజుల్లోనే, పూతని మాడ్చే టీ దోమ అనే పురుగుకి మందు కొడతారు. వచ్చే ఏడాది మా గోడ పక్క వరసకి కొట్టొద్దని ఆ రైతుని అడిగాను. సరేనన్నాడు కానీ, పూత మాడితే మాత్రం ఆగనని ముందే చెప్పేశాడు.