ఎంహెచ్‌డీడీతో పాత ఐడీఈ హార్డ్‌డిస్క్ పరీక్ష, మరమ్మతు: నా అనుభవం

చిన్న ప్రెస్‌లలో, డీటీపీ సెంటర్లలో విండోస్ 98తో పనిచేసే సిస్టమ్‌లు ఇంకా కనిపిస్తాయి. ఏళ్ల తరబడి చేసిన పేజ్‌మేకర్ ఫైళ్లు, అను ఫాంట్లు అన్నీ ఒకే ఐడీఈ డిస్క్‌లో (వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌తో తగిలించే పాత రకం) ఉంటాయి, రెండో కాపీ ఉండదు. నా దగ్గరికి వచ్చిన 40 జీబీ డిస్క్ కూడా అలాంటిదే. సిస్టమ్ బూట్ అవుతోంది, కొన్ని ఫైళ్లు తెరవబోతే మాత్రం హ్యాంగ్ అవుతోంది. ఇలాంటప్పుడు చాలామంది ముందు విండోస్‌తో వచ్చే డిస్క్ సరిచేసే ప్రోగ్రామ్ స్కాన్‌డిస్క్ నడుపుతారు. అది అస్సలు చేయకూడదు. దెబ్బతిన్న డిస్క్ మీద అది ఫైల్ టేబుల్‌ని సరిచేస్తానని మార్చేస్తుంది, తర్వాత ఫైళ్లు వెతకడం ఇంకా కష్టమవుతుంది.

మొదటి పని ఇమేజ్, అంటే డిస్క్ మొత్తానికి అచ్చు నకలు, తీసుకోవడం. లినక్స్ లైవ్ డిస్క్‌తో బూట్ చేసి, పాడైన డిస్క్ నుంచి డేటా కాపీ చేసే డీడీరెస్క్యూ వాడాను. మొదటి విడతలో మైనస్ డీ, మైనస్ ఎన్ స్విచ్‌లు ఇస్తే బాగున్న భాగం త్వరగా వచ్చేస్తుంది, చదవలేని చోట్లని వదిలేసి ముందుకెళ్తుంది. రెండో విడతలో మైనస్ ఎన్ తీసేసి మైనస్ ఆర్ 3 ఇస్తే మిగిలిన సెక్టార్లని (డిస్క్ డేటా దాచుకునే చిన్న ముక్కలు) మూడేసి సార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది. ఎంతవరకు కాపీ అయిందో రాసిపెట్టుకునే మ్యాప్ ఫైల్ పేరు తప్పకుండా ఇవ్వాలి, లేకపోతే మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచే. ఏది మూలం, ఏది గమ్యం అన్నది ఎంటర్ నొక్కేముందు డిస్క్ సైజు చూసి నిర్ధారించుకోవాలి. రెండూ తారుమారైతే డేటా పోయినట్టే.

ఇమేజ్ చేతికొచ్చాకే ఎంహెచ్‌డీడీ. దిమిత్రి పోస్త్రిగన్ రాసిన, డిస్క్‌ని పరీక్షించే డాస్ ప్రోగ్రామ్ ఇది, 1.44 ఎంబీ ఫ్లాపీలో పట్టేస్తుంది. నేను వాడేది 4.6. బయోస్‌నీ ఆపరేటింగ్ సిస్టమ్‌నీ పక్కనపెట్టి కంట్రోలర్ పోర్టుల ద్వారా నేరుగా డిస్క్‌తో మాట్లాడుతుంది. ఒక్కో బ్లాక్ చదవడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూపించగలగడానికి కారణం ఇదే. ఇదే కారణంగా యూఎస్‌బీ కన్వర్టర్ ద్వారా పెట్టిన డిస్క్ దానికి నేరుగా కనిపించదు. ఐడీఈ తర్వాత వచ్చిన సాటా రకం డిస్క్ అయితే బయోస్‌లో ఏహెచ్‌సీఐ మోడ్ తీసి ఐడీఈ మోడ్ పెట్టాలి. అసలు ఐడీఈ పోర్టున్న పాత మదర్‌బోర్డ్ ఒకటి దగ్గరుంటే అన్నిటికన్నా మేలు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాంటి చోట సెకండ్ హ్యాండ్ బోర్డు అడిగి చూడొచ్చు.

పరీక్షించే డిస్క్‌ని మాస్టర్‌గా జంపర్ పెట్టి బోర్డు మీది రెండో ఐడీఈ పోర్టు, అంటే సెకండరీ చానల్‌కి తగిలించాను. ప్రైమరీ చానల్‌ని ఎంహెచ్‌డీడీ మామూలుగా ముట్టుకోదు, కావాలంటే ఎనేబుల్ ప్రైమరీ స్విచ్‌తో నడపాలి. మిగతా డిస్క్‌లన్నీ ఊడదీశాను. ఫ్లాపీకి రైట్ ప్రొటెక్ట్ ఉండకూడదు, ప్రోగ్రామ్ తన సెట్టింగులు, లాగ్ అక్కడే రాసుకుంటుంది.

కేబుల్, కరెంటు చూడకుండా డిస్క్‌ని తప్పుపట్టకూడదు. కేబుల్ 80 తీగలది కావాలి, పొడవు 18 అంగుళాలు మించకూడదు. మోలెక్స్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెడితే పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 వోల్టులు రావాలి, అదీ డిస్క్ తిరుగుతున్నప్పుడు. కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ నీరసపడితే బాగున్న డిస్క్ కూడా చదవడానికి తడబడుతుంది.

షిఫ్ట్ ఎఫ్3 నొక్కి డిస్క్‌ని ఎంచుకున్నాక పైన డీఆర్‌డీవై (డిస్క్ సిద్ధం), డీఆర్‌ఎస్‌సీ (హెడ్ చోటికి చేరింది) గుర్తులు వెలగాలి. బిజీ గుర్తు వెలిగి అలాగే ఉండిపోతే, లేదా డిస్క్‌ని చదివే హెడ్ టక్ టక్‌మని కొట్టుకుంటుంటే అక్కడే పవర్ తీసేయాలి. దానికి సాఫ్ట్‌వేర్ మందు కాదు. ఎఫ్2తో వివరాలు చూస్తే 78,165,360 సెక్టార్లు వచ్చాయి, 40 జీబీకి అది సరైన లెక్క. 32 జీబీగా కనిపిస్తే ముందు కెపాసిటీ తగ్గించే జంపర్ ఉందేమో చూడండి.

ఎఫ్8 నొక్కితే స్మార్ట్ విలువలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, వస్తాయి. నేను చూసేవి నాలుగే: 5 అంటే ఇప్పటికే మార్చేసిన సెక్టార్లు, 197 అంటే చదవలేక పక్కన గుర్తుపెట్టుకున్నవి, 198 అంటే డిస్క్ తనంతట తాను చేసుకున్న పరీక్షలో చదవలేనివి, 199 అంటే కేబుల్‌లో పాడైన బదిలీలు. 199 పెరుగుతుంటే కేబుల్ మార్చి మళ్లీ మొదలుపెట్టాలి. సీగేట్ డిస్క్‌లలో 1, 7 విలువలు కోట్లలో కనిపించినా బెదరక్కర్లేదు, అందులో చేసిన పనుల లెక్క కూడా కలిసి ఉంటుంది. నా డిస్క్‌లో 5 సున్నా, 199 సున్నా, 197 మాత్రం రెండంకెల్లో ఉంది. రాస్తుండగా కరెంటు పోయిన డిస్క్‌లలో ఇలా కనిపిస్తుంది.

ఎఫ్4 నొక్కితే స్కాన్ మెనూ వస్తుంది. డిస్క్ మీద రాసే రీమ్యాప్, ఎరేజ్ డిలేస్ రెండూ ఆఫ్‌లో ఉన్నాయని చూసుకుని మళ్లీ ఎఫ్4. ఒక్కో గడి 255 సెక్టార్లు. 3, 10, 50, 150, 500 మిల్లీసెకన్ల మెట్ల ప్రకారం రంగు మారుతుంది. ఎక్కడో ఒకటీ అరా ఆకుపచ్చ గడి, అదీ ప్రతిసారీ వేరే చోట పడితే పట్టించుకోను. మళ్లీ మళ్లీ అదే చోట గోధుమ, ఎరుపు వస్తే అక్కడ ఉపరితలం బలహీనపడింది. సమాన దూరాల్లో చారలు చారలుగా నెమ్మదిస్తే ఒక హెడ్ పోతోందని అర్థం, ఇక ఆ డిస్క్ మీద మరమ్మతు ప్రయత్నించను. ఎక్స్ గుర్తు అంటే ఈసీసీతో (తప్పులు సరిదిద్దే కోడ్) కూడా సరిచేయలేని సెక్టార్. ఎస్ అంటే ఆ సెక్టార్ చిరునామానే దొరకలేదు, ఇది ఎక్స్ కన్నా చెడ్డ లక్షణం. నాకు ఎక్స్‌లే వచ్చాయి, అన్నీ ఒకే ప్రాంతంలో, చుట్టుపక్కల గడులన్నీ చురుగ్గానే ఉన్నాయి.

ఇక మరమ్మతు. చదవలేని సెక్టార్‌ని చదువుతూ కూర్చుంటే డిస్క్ దాన్ని మార్చదు, దాని మీద రాసినప్పుడే తేలుస్తుంది. రాయడం కుదిరితే పెండింగ్ జాబితా నుంచి తీసేస్తుంది, కుదరకపోతే రిజర్వులోని సెక్టార్‌ని దాని స్థానంలో పెడుతుంది. అందుకే లాగ్ ఫైల్‌లోని ఎల్‌బీఏ సంఖ్యలు (సెక్టార్ల వరస నంబర్లు) చూసి, ఎరేజ్ కమాండ్‌కి ఆ ప్రాంతం మొదలు, చివర ఇచ్చాను. ఆ పరిధిలో ఉన్నదంతా చెరిగిపోతుంది. ముందే ఇమేజ్ తీసినందువల్లే ఇంత ధైర్యం. రీమ్యాప్ ఆన్ చేసి డిస్క్ మొత్తం వదిలేయడం నాకు నచ్చదు, ఎక్కడ ఏం రాసిందో నా అదుపులో ఉండదు.

పవర్ తీసి, డిస్క్ చల్లారాక మళ్లీ స్కాన్ చేస్తే ఎక్స్‌లు పోయాయి. 197 సున్నాకి దిగింది, 5 కదల్లేదు, అంటే ఉపరితలం బాగానే ఉంది. 5 పెరిగి ఉంటే వేడెక్కాక ఇంకోసారి స్కాన్ చేసి, అప్పుడూ పెరుగుతోందంటే డిస్క్‌ని పక్కన పెట్టేసేవాణ్ని.

బాగైన డిస్క్‌ని కూడా తిరిగి ప్రెస్ పనికి పెట్టలేదు. సాటా నుంచి ఐడీఈకి మార్చే చిన్న కన్వర్టర్‌తో ఒక ఎస్‌ఎస్‌డీ పెట్టి, ఇమేజ్‌ని దాని మీదకి రాశాను. 40 జీబీ పార్టిషన్‌ని అలాగే ఉంచి మిగతా చోటు ఖాళీగా వదిలేశాను, ఎందుకంటే విండోస్ 98 సొంత డ్రైవర్ 137 జీబీ దాటితే చిరునామా తప్పి మొదటి సెక్టార్ల మీదే రాసేస్తుంది. కన్వర్టర్ మీద మాస్టర్, స్లేవ్ జంపర్ ఉంటుంది, దాన్ని పాత డిస్క్‌కి ఉన్నట్టే పెట్టాలి.