బాపు పేరుతో తొలి పెత్రమాస

భాద్రపద అమావాస్యను మా వరంగల్ దిక్కు పెత్రమాస అంటాం. పొద్దున పెద్దలకు బియ్యం ఇస్తాం, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుకుంటాం. పగలంతా పోయినవాళ్ల తలపు, పొద్దుగూకేసరికి హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. ఒకే రోజున ఈ రెండూ ఏమిటని బయటివాళ్లు అడుగుతారు కానీ, మాకు ఎన్నడూ వింతగా అనిపించలేదు.

విస్తరాకులో బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, మిరపకాయలు, బెల్లం, రెండు మూడు రకాల కూరగాయలు పెట్టి, పైన దక్షిణ ఉంచుతాం. అయ్యవారు గోత్రం అడిగి, వరుసగా మూడు తరాల పేర్లు చెప్పిస్తూ నువ్వులు నీళ్లు వదిలిస్తారు. ఇన్నేళ్లూ బాపు పీట మీద కూర్చుని తాత పేరుతో మొదలుపెట్టేవాడు. ఈసారి నేను కూర్చుని బాపు పేరుతో మొదలుపెట్టాను. కొత్త పేరు ముందు చేరితే చివరి పేరు వరుసలోంచి తప్పుకుంటుంది. బాపు ముత్తాత ఎట్లా ఉండేవాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన పేరు మాత్రం చిన్నప్పటి నుంచి ఏటా చెవిన పడేది. ఈ ఏడు నుంచి అది కూడా వినపడదు. ఈ సంగతి నాకు పీట మీద కూర్చున్నాక గానీ తట్టలేదు.

బాపు ఫైర్‌మ్యాన్‌గా చేరి, లీడింగ్ ఫైర్‌మ్యాన్‌గా రిటైరయ్యాడు. పత్తి సీజన్ వచ్చిందంటే ఇంట్లో అందరికీ టెన్షనే. ఎనుమాముల మార్కెట్ ఒకవైపు, జిన్నింగ్ మిల్లులు ఇంకోవైపు. పత్తి అంటుకుంటే నీళ్లు కొట్టగానే పైన మంట ఆరినట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం కుములుతూనే ఉంటుంది. బేళ్లు విప్పి, పాయలు పాయలుగా చీల్చి తడపాలి. ఫైరింజన్ వెళ్లిన గంటకే పని అయిపోయిందనుకునే వాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ చిరాకే. బాపు తెల్లారి ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మలకు తడి పత్తి పోగులు అంటుకుని ఉండేవి. స్నానం చేసి నేరుగా దేవుని అర్రలోకి పోయి దీపం ముట్టించేవాడు. రాత్రంతా మంటతో కొట్లాడి వచ్చి మళ్లీ అగ్గిపుల్ల గీస్తాడని అమ్మ నవ్వేది. “దాని తప్పేముందే, కాల్చుడు దాని ధర్మం. చూసుకోకుండ ఇడిసిపెట్టినోనిదే తప్పు” అనేవాడు.

ఋగ్వేదం మొదటి సూక్తం అగ్నిదే. మధుచ్ఛందుడు దర్శించిన తొమ్మిది మంత్రాలు, గాయత్రీ ఛందస్సు. “అగ్నిమీళే పురోహితం” అన్న మొదటి మంత్రం చాలామందికి నోటికి వచ్చు. మూడో మంత్రంలో సంపద, పుష్టి, కీర్తి ప్రస్తావన వస్తుంది. చివరికి వచ్చేసరికి ఋషి కోరిక ఇట్లా మారుతుంది:

స నః పితేవ సూనవేఽగ్నే సూపాయనో భవ ।
సచస్వా నః స్వస్తయే ॥

అగ్నీ, కొడుకు తండ్రి దగ్గరికి చేరినంత సులువుగా మేం నీ దగ్గరికి చేరేట్టు ఉండు, మా మేలు కోసం మాతోనే ఉండు అని. దగ్గరికి పోతే కాలే దానితో ఋషి ఈ మాట అంటున్నాడు. ఆ ఉపమానం కూడా అంత తేలికైనదేం కాదు. బాపు తరంలో చాలా ఇళ్లల్లో తండ్రి గడపలో అడుగుపెడితే పిల్లలు పెరట్లోకి జారుకునేవాళ్లు. మా ఇంట్లో అట్లా లేదు. డ్యూటీ లేని రోజు చెల్లెకు నూనె రాసి జడలు వేసేది ఆయనే. బతుకమ్మ వచ్చిందంటే సైకిల్ మీద ఊరి బయటికి పోయి గునుగు, తంగేడు కోసుకొచ్చి, రాత్రి కూర్చుని గునుగును కట్టలు కట్టి రంగుల్లో ముంచేవాడు. పైపు పట్టీపట్టీ కాయలు కాసిన ఆ చేతులు పది రోజుల పాటు గులాబీ రంగులో ఉండేవి. స్టేషన్‌లో అందరూ ఆటపట్టించేవారట.

పేర్లన్నీ అయ్యాక, చివర్లో ఇంకోసారి నీళ్లు వదలాలి. తల్లి, తండ్రి, బంధువు ఎవరూ లేక, తర్పణం ఇచ్చే దిక్కు లేనివాళ్ల కోసం అవి. మామూలుగా అది క్షణంలో అయిపోతుంది. బాపు మాత్రం అక్కడ ఆగేవాడు. అయ్యవారు ఇంకో ఇంటికి పోవాలని తొందరపడుతున్నా కళ్లు తెరిచేవాడు కాదు. ఎవరిని తలుచుకుంటున్నావని ఒకసారి అడిగాను. “మేం పోయేసరికే ఆలస్యమైనోళ్లను” అన్నాడు. బొంబాయి ఫైర్‌మెన్‌ను కూడా తలుచుకుంటానన్నాడు. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాక్‌లో పేలుడు సామగ్రి, పత్తి బేళ్లు ఉన్న ఓడ అంటుకుంటే, ఆర్పడానికి పోయినవాళ్లలో చాలామంది పేలుడులో చనిపోయారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు ఫైర్ సర్వీస్ వారోత్సవాలు జరిపేది వాళ్ల జ్ఞాపకార్థమే. తను పుట్టకముందే పోయిన ఆ పరాయి ఊరి మనుషులను బాపు తన పెద్దల్లో కలుపుకున్నాడు.

ఈసారి ఆ నీళ్ల దగ్గరికి వచ్చాక నేనూ ఆగాను. బాపు ఎవరెవరిని తలుచుకునేవాడో నాకు తెలియదని అయ్యవారితో అన్నాను. “ఆయనకూ పేర్లు తెలియవు నాయనా, కానియ్యి” అన్నారాయన. వదిలాను. మూడు తరాల వరుసలోంచి తప్పుకున్న ఆ ముసలాయనను కూడా అందులోనే కలిపాను. శాస్త్రం ఒప్పుతుందో లేదో అయ్యవారిని అడగలేదు.