టైగర్ గానిది కోపం కాదు, భయం

మా కుక్క పేరుకే టైగర్, గ్యాస్ బండి చప్పుడు వింటే మంచం కింద దూరుతడు. గా మంచం కిందికెళ్లే మొన్న మా అన్న కొడుకు మీద గుర్రుమన్నడు, పోరడు తోక పట్టి గుంజబోయిండు మరి. నాకు కోపమొచ్చి చెప్పు తీస్కొని ఒక్కటిచ్చిన. అది నా తప్పే, ఒప్పుకుంటున్న.

తెల్లారి నల్గొండల పశువుల డాక్టర్ కాడికి తీస్కపోతే ఆయన ముందు చెవులు, పండ్లు, కాళ్ల కీళ్లు అన్నీ చూసిండు, ఎక్కడన్న నొప్పి ఉన్నా కుక్కలు గిట్లనే మీదికొస్తయట. నొప్పేం లేదు, భయమే అన్నడు. గుర్రుమనుడంటే దూరం జరగమని చెప్పుడే, దానికి కొడితే గుర్రుమనుడు బంజేస్తది గానీ భయం పోదు, రేపు చెప్పకుండనే కరుస్తది అన్నడు. నాకు నోట మాట రాలే.

మూతి నాకుడు, నిద్ర రాకున్నా ఆవులించుడు, మొకం తిప్పి కంటి తెల్లగుడ్డు కనవడేటట్టు ఓరగ చూసుడు... ఇవన్నీ భయం గుర్తులేనట. వాడు ఎన్నిసార్లు చేసిండో, మేం ఫోన్ల వీడియో తీసి నవ్వినం. 3 నుంచి 14 వారాల వయసులనే మనుషులు, చప్పుళ్లు అలవాటు కావాల్నట, వాడు మాకు దేవరకొండ రోడ్డు మీద దొరికేటాలకే ఆర్నెల్లోడు.

ఇప్పుడు బండి ఇంకా గల్లీ మూల మీద ఉన్నప్పుడే, వాడు బెదరకముందే ఉడికిన గుడ్డు ముక్కలేస్తున్న, బండి పోంగనే గుడ్డు బంద్. మూడు వారాలైంది. మంచం కిందికి పోతలేడు, గడప దాక వచ్చి నా చెయ్యి దిక్కు చూస్తడు. పోరన్ని మాత్రం ఒంటరిగ వాని దగ్గర ఇంకా వదుల్తలేం. అమ్మేమో "మాకు లేని గుడ్డు కుక్కకా" అని రోజూ సణుగుడే.